గురువారమునకు శుక్రవారపు రాత్రి పేరు

ఉర్దూలో గురువారమును జుమేరాత్ అందురు. ఈ మాటను విడదీసి చూచినచో కొంత వింతగా తోచును. జుమా అరబ్బీ పదము. జనులు ఒకచోట గుమికూడుట అను అర్థమునుండి, సామూహిక ప్రార్థన జరుగు శుక్రవారమునకు అది పేరయినది. రాత్ అనగా మన రాత్రియే. అరబ్బీ మాటకు దేశీయమైన మాట అతికి మన దేశముననే పుట్టిన సమాసమిది. (ఉర్దూ వారముల పేర్ల వరుసయే ఒక కలగలుపు, ఇత్వార్ మన ఆదిత్యవారమే.) మొత్తముమీద అర్థము శుక్రవారపు రాత్రి. అది గురువారమునకు పేరెట్లయినది?

దినము ఎప్పుడు మొదలగుననుదానిలో జవాబున్నది. హిజ్రీ మాసము, ప్రొద్దుక్రుంకిన పిమ్మట పడమట నెలవంక కనబడుటతో ఆరంభమగును. నెల సాయంకాలమున మొదలయినచో అందలి తొలిదినమును అప్పుడే మొదలు కావలెను గదా! క్రీ.శ. 1000 ప్రాంతమున అల్ బిరూనీ తన కాలగణన గ్రంథమున అరబ్బుల పద్ధతికి ఈ కారణమునే చెప్పినాడు. కావున రాత్రి ముందు, పగలు వెనుక. గురువారము సూర్యుడస్తమించగనే శుక్రవారము ప్రవేశించును. ఆ రాత్రి పేరు క్రమముగా దానికి ముందున్న పగటికిని ప్రాకినది. హైదరాబాదులోని జుమేరాత్ బజారు గురువారపు సంతయే. జర్మనులలో కొందరు శనివారమును జొన్నాబెంట్, అనగా ఆదివారపు సాయంత్రము, అనుటయు ఇట్టిదే.

మన పంచాంగమున వారము సూర్యోదయముతో మారును. ఖగోళశాస్త్రజ్ఞులు చిరకాలము మధ్యాహ్నమున దినమును ఆరంభించిరి. రాత్రి పరిశీలనల నడుమ తేదీ మారకుండుట వారికి సౌకర్యము. 1925 జనవరి 1 నుండి వారును అర్ధరాత్రికి మారిరి; జూలియన్ దినసంఖ్య మాత్రము నేటికిని మధ్యాహ్నముననే మారుచున్నది.

ఈ భేదము మాటలతో పోవునది కాదు. గురువారము రాత్రి 8 గంటలకు ఒక శిశువు పుట్టెననుకొందము. పంచాంగము ప్రకారమును, మన రిజిస్టరు ప్రకారమును అది గురువారమే. హిజ్రీ లెక్కకు శుక్రవారము. మరియొక శిశువు అదే రాత్రి తెల్లవారుజామున 4 గంటలకు పుట్టినచో పంచాంగమునకు ఇంకను గురువారమే. రిజిస్టరునకును, హిజ్రీకిని శుక్రవారము. పాత పారసీక పత్రములలో షబే జుమా అని యున్నచోట, విద్యార్థి దానిని నేటి శుక్రవారపు రాత్రిగా తీసికొనినచో తేదీ ఒకరోజు ముందునకు జరిగిపోవును. ఒక యుద్ధమునకో, ఒక రాజు మరణమునకో క్రీస్తుశకపు తేదీ కట్టునపుడు, సంఘటన సూర్యాస్తమయమునకు ముందు జరిగినదా, తరువాత జరిగినదా అని మొదట విచారించవలెను.