దురిత శబ్దార్థ విచారము

నిత్యకర్మలకు సంకల్పము చెప్పునపుడు మనము 'ఉపాత్త దురితక్షయము'ను కోరుచున్నాము. దురితమనగా నేమి? 'పాపము' అని ఒక్కమాటతో సరిపెట్టుట పరిపాటి. కాని ఆ పదముయొక్క చరిత్రను పరిశీలించినచో, మనము కోరుచున్నదేమియో స్పష్టమగును.

'దుర్' అనునది ఉపసర్గము. 'ఇతము' గత్యర్థకమైన 'ఇణ్' ధాతువునుండి సిద్ధించినది. కనుక దురితమనగా చెడ్డ నడక, కష్టమైన నడక అని రెండర్థములు. దీనికి ప్రతిగా ఋగ్వేదమున 'సువితము' అను పదము కలదు. సుగమమైన నడక, తన్మూలమైన క్షేమము అని దాని భావము.

ఋగ్వేద ప్రథమ మండలమందలి 99వ సూక్తము ఏకమంత్రాత్మకము. నావ నదిని దాటించునట్లు దుర్గములను, దురితములను దాటింపుమని అందు అగ్నికి ప్రార్థన. దుర్గమనగా పోరాని చోటు. తైత్తిరీయారణ్యకమున దుర్గాసూక్తమునకు ఈ మంత్రమే ఆది. ఐదవ మండలమున సవితృప్రార్థనయందు దురితమునకు ఎదురుగా 'భద్రము' నిలిచినది. ఈ వేదప్రయోగములలో ఆపదయు, అపరాధమును ఒకే మాటలో ఇమిడియున్నవి.

కాలక్రమమున రెండవ అర్థమే ప్రధానమైనది. అమరకోశము కాలవర్గమున పాపమునకు చెప్పిన పేర్లలో వృజినము, ఏనస్సు, అఘము, అంహస్సులతోపాటు దురితమును చేర్చినది. నిత్యకర్మలు ఉపాత్తదురితక్షయార్థములని శంకరభగవత్పాదులు తైత్తిరీయోపనిషద్భాష్యారంభమున చెప్పిరి. 'ఉపాత్తము' అనగా గ్రహింపబడినది, సంపాదింపబడినది. బాటలో ఎదురైన ఆపదగా మాత్రమే గాక, మనము ఆర్జించుకొన్నదిగా దురితము ఇచ్చట గోచరించును.

తెలుగునాట ధర్మపురి శేషప్పకవి రచించిన నరసింహశతకపు మకుటము 'దురితదూర' అను సంబోధనతో ముగియును. ఆ శతకము చదివిన బాలురకు సైతము ఈ వైదికపదము కంఠస్థమే.

సంకల్పము చెప్పినంతనే దురితము తొలగెనని తలంచి, పూజానంతరము మరల అనృతమునకు, పరద్రోహమునకు పూనుకొనుట కానవచ్చుచున్నది. అర్థమెరిగినవాడు అట్లు చేయజాలడు. ఏలయన, దురితము ఒంటికి అంటిన మురికి వంటిది కాదు, నడచిన త్రోవ. త్రోవ మార్చుకొననివానిని ఏ నావ ఆవలి గట్టునకు చేర్చును? క్షయమును కోరినవాడు ఆనాటి తన నడకను గూడ విచారించుకొనవలెను. అపుడే కర్మ సార్థకమగును.