గుడ్డెలుగు ఉన్న అడవిలో మన చప్పుడు

చిన్న తరగతుల్లో మనమందరం చదువుకున్న కథ ఒకటుంది. ఇద్దరు స్నేహితులు అడవిలో పోతుంటే ఎలుగుబంటి ఎదురవుతుంది. ఒకడు చెట్టెక్కుతాడు. చెట్టెక్కడం రానివాడు ఊపిరి బిగబట్టి పడుకుంటాడు. ఎలుగు వచ్చి చెవి దగ్గర వాసన చూసి వెళ్లిపోతుంది. గ్రీకు దేశపు ఈసోప్ పేరు మీద చెప్పుకునే ఈ కథను టీచర్ ట్రైనింగులో మేము పాఠంగా చెప్పి మంచి మార్కులే తెచ్చుకున్నాం. స్నేహం గురించి చెప్పడానికి కథ బాగానే ఉంటుంది. కానీ ఎల్లారెడ్డి, గాంధారి, మాచారెడ్డి గుట్టల కింద పుట్టిన పిల్లలకు దాన్ని అలాగే వదిలేయడం తప్పని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాం. మన గుడ్డెలుగు చెట్టెక్కుతుంది. తేనెపట్టు కోసం మనకంటే బాగా ఎక్కుతుంది. పరుగులో కూడా మనిషి దానికి అందకుండా పోలేడు.

ఈ జంతువు గురించి మొదటి పొరపాటు చదువుకున్నవాళ్లదే. 1791లో జార్జ్ షా అనే ఇంగ్లిషు శాస్త్రవేత్త దీని పొడవాటి గోళ్లు చూసి, దక్షిణ అమెరికా చెట్లకు వేలాడే స్లాత్ అనే మందకొడి జంతువు జాతిలో దీన్ని కలిపేశాడు. అది ఎలుగేనని తర్వాత తేలినా ఇంగ్లిషులో ‘స్లాత్ బేర్’ అన్న పేరు అలాగే నిలిచిపోయింది. మందకొడితనం దానికి ఎక్కడిది? ఆ గోళ్లు పుట్టలు తవ్వడానికి. పై దవడలో ముందు రెండు పళ్లు ఉండవు. ఆ సందులోంచి చెదలను గొట్టంతో లాగినట్టు లాగుతుంది, ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. ఇప్పపువ్వు, తునికి పండ్లు, రేగుపండ్లు, సీతాఫలాలు, తేనె దాని తిండి. మనిషి మాంసం దాని తిండి కాదు. ఈ మాట గట్టిగా గుర్తుంచుకోండి, ఎందుకంటే అది మన మీద పడేది ఆకలితో కాదు, బెదిరి. పెద్దపులులున్న అడవిలో వేల ఏళ్లు బతికిన జాతి అది. దగ్గరగా ఏదైనా కదిలితే పారిపోకుండా ముందు తానే పడటం దానికి అలవాటైంది. చూపు మందం, వాసన పసిగట్టడంలో మాత్రం దిట్ట. చెదపుట్టలో ముక్కు పెట్టి ఉన్నప్పుడు మన అడుగుల చప్పుడు దానికి సరిగా చేరదు. పది అడుగుల దూరంలో ఉన్నట్టుండి మనిషి కనిపిస్తే దానికి మనం పులితో సమానమే.

ఇక్కడి నుంచి మన చరిత్రలోకి పోవాలి. మన పూర్వీకులు అడవి దాటినప్పుడు ఎలా దాటారు? లదేణి కాలంలో ధాన్యం, ఉప్పు ఎద్దుల మీద మోసుకుంటూ దక్కన్ అంతా తిరిగారు. 17వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఒక్కో బిడారులో పది, పన్నెండు వేల ఎద్దులను చూసినట్టు రాశాడు. అన్ని ఎద్దుల మెడ గంటలు, వెంట కుక్కలు, ఆడవాళ్ల గాజుల చప్పుడు, పిల్లల ఏడుపులు. మైలు దూరం నుంచే అడవికి తెలిసేది తండా వస్తోందని. రాత్రి మజిలీలో గోనె బస్తాలే గోడలు, మధ్యలో మంట, చుట్టూ కుక్కలు. ఎలుగుకు తప్పుకునే వ్యవధి దొరికేది. మనవాళ్లది ఒట్టి ధైర్యమని అంటుంటారు కానీ, మాకు మాత్రం అందులో చప్పుడు పాలే ఎక్కువని తోస్తుంది.

రోడ్లు, రైళ్లు వచ్చి లదేణిని చంపేశాయి. 1900 ప్రాంతంలో సికింద్రాబాద్ నుంచి కామారెడ్డి, నిజామాబాద్ మీదుగా మన్మాడ్‌కు రైలు పడ్డాక ఎద్దు మీద ఉప్పు మోయించుకునేవాడెవడు? తిరిగే తండాలు గుట్టల కింద, వాగుల పక్కన ఒక్కొక్కటిగా నిలబడిపోయాయి. ఇంచుమించు ఆ కాలంలోనే ఈ నేల రూపు కూడా మారింది. ఆలేరు వాగు మీద 1922 నాటికి పోచారం చెరువు, మంజీర మీద 1923లో మొదలై 1931కి నిజాంసాగర్ కట్టారు. పోచారం చుట్టూ ఉన్నది నిజాం షికారు అడవి, 1952లో దాన్ని అభయారణ్యం చేశారు. మెదక్, కామారెడ్డి జిల్లాల హద్దు మీద దాదాపు 130 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు అడవిని దాటిపోయినవాళ్లం దాని అంచున కాపురం పెట్టాం. దాటిపోయేవాడికి ఎలుగు ఒక్కరోజు ఎదురైతే, అంచున ఉండేవాడికి ఏటా ఎదురవుతుంది.

అందులోనూ ఎండాకాలం. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాత్రి రాలుతుంది. పశువులు తినకముందే ఏరాలని మన ఆడవాళ్లు చీకటితోనే పోతారు. ఎలుగు కూడా అప్పుడే వస్తుంది. ఇద్దరి చూపూ నేల మీదే. ఏప్రిల్, మేలో తునికాకు. నిజామాబాద్, కామారెడ్డి పల్లెల్లో బీడీలు చుట్టి పిల్లల్ని చదివించిన తల్లులు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. ఆ బీడీ వెనక తునికాకు కోసిన మనిషి ఉంది. వంగి ఆకు కోసి, యాభై ఆకులకో కట్ట కట్టి, పొద్దు వాలకముందే కల్లానికి చేర్చాలి. తొందరలో ఒక్కొక్కరు ఒక్కో పొద వైపు విడిపోతారు. అక్కడే ప్రమాదం.

మా హాస్టల్ పిల్ల ఒకరి దాది అలాగే దెబ్బతిన్నది. గుట్ట మలుపులో ఒక్కతే పొద దాటింది. పొద అవతల పిల్లలను వీపున ఎక్కించుకున్న తల్లి ఎలుగు. ఒక్క దెబ్బకు తల మీది చర్మం, ఒక కన్ను పోయాయి. కథల్లో చెప్పే భల్లూకం పట్టు, కౌగిలించి నలపడం, నిజంగా ఉండదు. పంజాతో ముఖం మీద, తల మీద కొడుతుంది, కరుస్తుంది. ఆమె బోర్లా పడిపోయింది, లేవలేదు. వెనక ఉన్న నలుగురు ఆడవాళ్లు ఒక్కచోట చేరి కట్టెలు కొడుతూ అరిచేసరికి ఎలుగు పిల్లలతో గుట్ట ఎక్కింది. ఆమె రెండేళ్లు తండా దాటలేదు, పెళ్లిళ్లకూ పోలేదు. చనిపోయినవాళ్ల పేర్లు పేపర్లో వస్తాయి, ముఖం పోయి బతికినవాళ్లు కొంగు కిందే ఉండిపోతారు. మనవరాలిని చూడటానికి మొదటిసారి హాస్టల్‌కు వచ్చి గేటు బయటే నిలబడిపోతే, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాం. “ఎలుగు చెడ్డది కాదు బిడ్డా, నేనే సప్పుడు చెయ్యకుంట పోయిన” అన్నది.

ఆ మాట విన్నాక మా లెక్క మేము చూసుకోవాల్సి వచ్చింది. 1977లో తెలంగాణ లంబాడీలకు ఎస్టీ గుర్తింపు అమలైన తర్వాత హాస్టళ్లు మన బతుకులు మార్చాయి. వాటి వల్లనే మేమూ ఇక్కడ కూర్చుని రాయగలుగుతున్నాం. కానీ పది నెలలు పిల్లలను మా దగ్గర ఉంచుకుని, వేసవి సెలవుల్లో సరిగ్గా తునికాకు రోజుల్లో ఇంటికి పంపుతాం. దాదికి తెలిసిన అడవి మనవరాలికి తెలియదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒంటరి నడక. ఫోన్లో కెనడా ఎలుగుల వీడియోలు చూసి వాళ్లు చెప్పినట్టు చేస్తామంటారు మగపిల్లలు. ఆ ఎలుగులు వేరు, మన ఎలుగు వేరు. మనది భారత్, నేపాల్, శ్రీలంకల్లో ఉండేది.

అడవి కూడా పాత అడవి కాదు. ఎలుగులు పగలు పడుకునే బండల సొరికెలు క్వారీలకు పోతున్నాయి. ఎండాకాలం గుట్ట మీద నీళ్లుండవు, కింద బోరు కింద మక్కచేను ఉంటుంది. ఇక అది దిగకుండా ఎలా ఉంటుంది? అడవిపందులకని చేను చుట్టూ కరెంటు తీగ పెడితే ఎలుగు చస్తుంది, పొద్దున నీళ్లు కట్టడానికి పోయిన మనిషీ చస్తాడు. 1972 వన్యప్రాణి చట్టంలో ఎలుగు మొదటి షెడ్యూలులో ఉంది, చంపితే జైలు. ప్రాణం కాపాడుకోవడానికి కొట్టక తప్పని పరిస్థితిని మాత్రం ఆ చట్టం నేరం అనదు. ఊళ్లలో ఎలుగును ఆడించి, దాని వెంట్రుకలు దిష్టి తాయెత్తులకు అమ్మడం మా చిన్నప్పుడు చూశాం. ఆ ఆట 2009 నాటికి దేశంలో దాదాపు ఆగిపోయింది.

ఊళ్లోకి ఎలుగు వచ్చిందనగానే సెల్‌ఫోన్లు పట్టుకుని గుంపుగా ఉరకడం ఇంకో కొత్త జబ్బు. 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కిడిసింగి దగ్గర జీడితోటల్లో ఒక ఎలుగు ఒక రైతును చంపి, మరికొందరిని గాయపరిచింది. మత్తుమందిచ్చి పట్టుకున్న తర్వాత అదీ చనిపోయింది. తరిమితే, దారి మూసేస్తే అది ఇంకా మీద పడుతుంది. దారి వదిలి, పిల్లలను ఇళ్లలోకి పంపి, అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేయడమే పని.

ఇప్పుడు మేము పిల్లలకు చెప్పేది దాది దగ్గర నేర్చుకున్నదీ, ఎలుగుల మీద పనిచేసినవాళ్లు చెప్పినదీ కలిపి. ముగ్గురికి తక్కువ కాకుండా పోవాలి. మాట్లాడుతూ, కట్టెతో బండల మీద తడుతూ పోవాలి. ఇప్పచెట్టు దగ్గరికి బాగా తెల్లారాకే పోవాలి. దూరంలో కనిపిస్తే ఉరకొద్దు, దాని మీదే చూపు ఉంచి మెల్లగా వెనక్కి జరగాలి. రెండు కాళ్ల మీద లేచిందంటే ఇంకా మీద పడటం కాదు, మనం ఎవరమో వాసన పట్టుకుంటోంది. మీదికి వస్తే అందరూ ఒక్కచోట చేరి, కట్టెలు ముందుకు చాచి అరవాలి. చాలాసార్లు సగం దూరం వచ్చి తిరిగిపోతుంది. పడగొడితే మాత్రం బోర్లా పడుకోవాలి. మెడ వెనక రెండు చేతుల వేళ్లు పెనవేసి, మోచేతులతో చెంపలు మూసుకోవాలి. వీపున సంచి ఉంటే తీయొద్దు. అది పోయిందని గట్టిగా నమ్మకం కుదిరాకే లేవాలి.

గాయం అయితే పసుపు, ఆకుపసరు పెట్టి ఇంట్లో ఉంచొద్దు. శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి రక్తం ఆపాలి, 108 పిలవాలి. రక్తం అదుపులోకి వచ్చిన గాయాలను సబ్బుతో, పారే నీళ్లతో పావుగంట కడగాలి. ధనుర్వాతం సూదితో పాటు కుక్కకాటు సూదులు కూడా పూర్తిగా వేయించాలి, ఈ రెండోది మనవాళ్లకు తెలియక వదిలేస్తారు. అటవీశాఖకు వెంటనే తెలిపి, పంచనామా, డాక్టర్ కాగితాలు జాగ్రత్త పెట్టాలి. నష్టపరిహారానికి అవే ఆధారం.

మొన్న సెలవులకు ముందు రోజు హాస్టల్ ముంగిట పిల్లలందరినీ బోర్లా పడుకోబెట్టాం. చిన్నవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. దాదిని కూడా పిలిచాం. ఈసారి గేటు దగ్గర ఆగకుండా నేరుగా లోపలికి వచ్చింది. వరుస వెంట నడుస్తూ, సరిగా మూయని మోచేతులను కట్టె కొసతో ఒక్కొక్కటిగా దగ్గరికి జరిపింది.