సప్లిమెంటరీలో పాసైన సినిమాలు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదకవర్గం మిత్రులు కోరినప్పుడు, నేను కాకతీయుల గురించో, వేయిస్తంభాల గుడి గురించో రాస్తానని అనుకొని ఉంటారు. వాటి గురించి నాకంటే బాగా రాయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. నా దగ్గర ఉన్న చరిత్ర అంతా ఒక నోటుబుక్కులో ఉంది. దాని గురించే రాస్తున్నాను. మిత్రులు నవ్వుకున్నా ఫరవాలేదు, చివరిదాకా చదవమని మాత్రం మనవి.

1962లో హన్మకొండలో చదువుకొనే రోజుల్లో ఆ పుస్తకం మొదలుపెట్టాను. చూసిన ప్రతి సినిమాకూ పేరు, తేదీ, నూటికి ఇన్ని మార్కులు, ఒక్క వాక్యంలో అభిప్రాయం. అంతకు ముందు చూసినవాటికి కూడా గుర్తున్నంతలో మార్కులు వేసేశాను. ముప్పయి అయిదు వస్తే పాసు, లేకపోతే ఫెయిలు. ఏటా డిసెంబరు ఆఖరున ర్యాంకుల జాబితా తయారుచేసేవాణ్ణి. రెవెన్యూ శాఖలో చేరిన తర్వాత కూడా ఈ అలవాటు పోలేదు. మా ఆవిడ దాన్ని 'మీ రెండో సర్వీసు రిజిస్టరు' అనేది.

2002లో పదవీ విరమణ అయింది. పుస్తకం బీరువాలో పడి ఉంది. 2020లో లాక్‌డౌన్ వచ్చి అందరం ఇంట్లోనే ఉన్నప్పుడు మా మనవడు దాన్ని బయటికి తీసి, ఫెయిలైన సినిమాల పేర్లన్నీ చదివి, "తాతయ్యా, వీటికి సప్లిమెంటరీ లేదా?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. పదో తరగతి పిల్లవాడికి ఇచ్చే అవకాశం, ఎందరో కష్టపడి తీసిన సినిమాకు నేను ఇవ్వలేదు.

అప్పుడు నియమాలు పెట్టుకున్నాం. ముప్పయి అయిదు లోపు వచ్చిన సినిమాను దొరికితే మళ్ళీ చూడాలి. మధ్యలో లేవకూడదు. పాత అభిప్రాయం ముందుగా చదవకూడదు. పాత మార్కు కొట్టివేయకూడదు. కొత్త మార్కు పక్కన ఎర్ర సిరాతో రాసి, తేదీ వేసి, పొడి సంతకం పెట్టాలి. రికార్డులో దిద్దుబాటు ఎలా చేయాలో మనకు ఒకరు చెప్పాలా!

ఈ పని చేస్తూ, మొదట తోసివేయబడి తర్వాత నిలబడిన సినిమాల చరిత్ర కొంత తెలుసుకున్నాను. మన తెలుగులో పెద్ద ఉదాహరణ 'మల్లీశ్వరి'. 1951లో 'పాతాళభైరవి' వచ్చి తెలుగునాట ఊరూరా విరగబడి ఆడింది. అదే ఏడాది డిసెంబరులో బి.ఎన్. రెడ్డిగారి 'మల్లీశ్వరి' వచ్చింది. రెండింటిలోనూ రామారావుగారే కథానాయకుడు. విమర్శకులు మెచ్చుకున్నారు గాని, పడిన శ్రమకూ పెట్టిన ఖర్చుకూ తగినంత డబ్బు మొదటి విడుదలలో రాలేదు. ఆ తర్వాత ఎన్నోసార్లు మళ్ళీ విడుదలై, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి పాటలతో ఇంటింటి సినిమా అయింది. 2013లో ఒక జాతీయ వార్తా చానల్ వారు వంద గొప్ప భారతీయ చిత్రాల జాబితా వేస్తే అందులో 'మల్లీశ్వరి' పేరు ఉంది.

అదే దర్శకుడి 'బంగారు పాప' 1955లో వచ్చింది. జార్జి ఇలియట్ అనే ఇంగ్లీషు రచయిత్రి 1861లో రాసిన 'సైలస్ మార్నర్' నవల దానికి ఆధారం. పాలగుమ్మి పద్మరాజుగారు మాటలు రాశారు. ఒక పసిపాపను పెంచుతూ మనిషిగా మారిన కోటయ్య పాత్రలో ఎస్.వి. రంగారావుగారు నటించారు. ప్రభుత్వ పురస్కారం దక్కింది, డబ్బు దక్కలేదు. 1960లో వచ్చిన 'చివరకు మిగిలేది' సంగతీ అంతే. రోగులకు నయం చేయడానికి ప్రేమ నటించి, చివరకు తానే మతి తప్పిన నర్సుగా సావిత్రిగారు నటించారు. బెంగాలీలో సుచిత్రా సేన్ చేసిన పాత్ర అది. తర్వాత హిందీ 'ఖామోషీ'లో వహీదా రెహమాన్ చేశారు. తెలుగులో జనం ఆదరించలేదు. నేనూ పన్నెండు మార్కులు వేసి, 'ఏడుపు సినిమా' అని రాశాను. నాకప్పుడు పదహారేళ్ళు. ఇప్పుడు అరవై రెండు వేశాను. అయినా కొన్ని చోట్ల సాగదీశారనే అభిప్రాయం మారలేదు.

హిందీలో గురుదత్ 'కాగజ్ కే ఫూల్' 1959లో దెబ్బతింది. ఆ తర్వాత ఆయన తన పేరు మీద మరో చిత్రానికి దర్శకత్వం వహించలేదు, 1964లో కన్నుమూశాడు. ఇవాళ ఆ చిత్రాన్ని ప్రపంచమంతా మెచ్చుకుంటోంది. విదేశాల సంగతి చూస్తే, లండన్‌లోని ఒక సినిమా పత్రిక 1952 నుంచి పదేళ్ళకొకసారి విమర్శకుల చేత ర్యాంకులు వేయిస్తోంది. 'సిటిజన్ కేన్' ఆ మొదటి జాబితా పదింటిలో లేదు. 1962 నుంచి 2002 దాకా మాత్రం మొదటి స్థానంలో ఉంది. 1958 నాటి హిచ్‌కాక్ చిత్రం 'వెర్టిగో' 1982లో ఏడో స్థానంలోకి వచ్చి, మెల్లగా ఎక్కి, 2012లో మొదటిది అయింది. విడుదలైన యాభై నాలుగేళ్ళకు ప్రమోషను! మన ఉద్యోగాలే నయం.

మరి మొదటిసారి ఎందుకు ఫెయిలయ్యాయి? అంతా ప్రేక్షకుల తప్పు కాదు. ఆ రోజుల్లో సినిమా అంటే రీళ్ళ పెట్టె. తెలుగు సినిమా వ్యాపారాన్ని ఆంధ్ర, సీడెడ్, నైజాం అని మూడు ముక్కలుగా పంచుకునేవారు. మన వరంగల్ నైజాంలోది. ప్రింట్లు తక్కువ కాబట్టి పెట్టె ఊరూరు తిరిగేది. మొదటి మూడు రోజులు హాలు నిండకపోతే నాలుగో రోజు పెట్టె రైలెక్కేది. నిదానంగా మనసుకెక్కే సినిమాకు అంత వ్యవధి ఎక్కడిది? 1980లో 'శంకరాభరణం' మొదటి రోజుల్లో పలచగానే ఆడింది. హాళ్ళలో ఉంచారు కాబట్టి నోటి మాట పాకి, జనం వచ్చారు. ఉంచకపోతే అదీ నా ఫెయిలు జాబితాలో ఉండేదేమో. మిగతావాటికి దిక్కు మార్నింగ్ షోలే. పాత సినిమాలను తక్కువ టిక్కెట్టుతో పొద్దున్న ఆట వేసేవారు. ఆజంజాహి మిల్లులో రాత్రి షిఫ్టు దిగిన కార్మికులు, క్లాసు ఎగ్గొట్టిన విద్యార్థులు అక్కడ కలిసేవారు. నేను రెండో వర్గం వాణ్ణి.

ఇక నా తప్పుల సంగతి. 1968లో 'సుడిగుండాలు' వచ్చింది. అక్కినేని, ఆదుర్తి సుబ్బారావుగార్లు కలిసి తీసిన ప్రయోగం. సరదా కోసం ఇద్దరు కుర్రవాళ్ళు ఒక న్యాయమూర్తి కొడుకును చంపుతారు. ఆ తండ్రే ఆ హంతకుల తరఫున వాదిస్తాడు. అక్కినేని అంటే హుషారైన ప్రేమకథ అనుకుని వెళ్ళిన నేను ముప్పయి మార్కులు వేసి, 'ఇలాంటి తండ్రి ఉంటాడా?' అని రాశాను. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు. జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రంగా దానికి బహుమతి వచ్చినా నా మార్కు మార్చలేదు. 2020లో చూసినప్పుడు, తండ్రిగా, తాతగా ఆ కోర్టు సన్నివేశాల దగ్గర కూర్చోలేకపోయాను. లేవకూడదన్న నియమం ఉంది కాబట్టి కూర్చున్నాను. డెబ్బయి ఎనిమిది వేశాను.

అన్నీ పాసయ్యాయని అనుకోవద్దు. చాలా సినిమాలు రెండోసారీ ఫెయిలయ్యాయి. కొన్నింటికి మార్కులు ఇంకా తగ్గాయి. తెలుగులో తీసిన మృణాల్ సేన్ చిత్రం 'ఒక ఊరి కథ' (1977) గొప్పదని ఇప్పుడు ఒప్పుకుంటాను, కాని మళ్ళీ చూడమంటే చూడలేను. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథలోని ఆ తండ్రీకొడుకులను భరించడం కష్టం. దానికి యాభై వేసి ఊరుకున్నాను. ఆ రోజుల్లో విరగబడి నవ్వి ఎనభైలు, తొంభైలు వేసిన హిట్లు కొన్ని మా మనవరాలి పక్కన కూర్చుని చూస్తే సిగ్గనిపించింది. ఆడపిల్లను వెంటపడి ఏడిపించడం అప్పుడు హాస్యంగా కనిపించింది.

చివరగా చెప్పవలసింది 'దాసి' గురించి. దీని కోసమే ఈ వ్యాసం రాశానని చెప్పవచ్చు.

బి. నర్సింగరావుగారు 1988లో తీసిన చిత్రం. 1925 నాటి తెలంగాణలో ఒక దొర గడిలో బతికే కమలాక్షి అనే దాసి కథ. దొరసాని పెళ్ళయి వచ్చినప్పుడు అరణంగా ఆమె వెంట పంపిన పిల్ల. ఇలాంటివారిని మన దగ్గర 'ఆడబాప' అనేవారు. కమలాక్షిగా నటించిన అర్చనగారికి జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. ఉత్తమ తెలుగు చిత్రం, ఛాయాగ్రహణం, కళాదర్శకత్వం, దుస్తుల రూపకల్పనతో కలిపి మొత్తం అయిదు జాతీయ పురస్కారాలు. కళాదర్శకుడు మన చిత్రకారుడు తోట వైకుంఠంగారు.

అప్పట్లో దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం పురస్కారాలు పొందిన ప్రాంతీయ చిత్రాలు వేసేవారు. అలా ఒక ఆదివారం భోజనాలయ్యాక ఈ సినిమా వచ్చింది. అందులో మాటలు తక్కువ, మౌనం ఎక్కువ. నాకు నిద్ర ముంచుకొస్తోంది. మా అమ్మ మాత్రం గోడకు ఆనుకొని కూర్చుని కన్నార్పకుండా చూస్తోంది. అమ్మది జనగామ వైపు ఒక పల్లె. మా తాత ఆ ఊరికి పట్వారి. కొంతసేపటికి అమ్మ మెల్లగా అంది: "గీమె లెక్కనే ఒకామె ఉండె మా ఊరి గడిల. నేను పోతే దగ్గర కూసుండవెట్టుకొని నాకు తల దువ్వుతుండె. ఒకపారి ఏమైందంటే..."

"ఊకో అమ్మా, ఇదేం సినిమా, కథే కదుల్త లేదు" అని లేచి టీవీ కట్టేశాను. అమ్మ ఇంకేమీ అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆ రాత్రి నోటుబుక్కులో పద్దెనిమిది మార్కులు వేసి, 'కథ లేదు' అని రాశాను. 1994లో అమ్మ పోయింది.

2021లో 'దాసి' దొరికితే మనవడు టీవీలో పెట్టాడు. మొత్తం చూశాను. కమలాక్షి కడుపులోని బిడ్డను ఉండనివ్వకుండా చేసే చోట నాకు అమ్మ మాట చెవిలో వినిపించింది. 'ఒకపారి ఏమైందంటే' అన్న తర్వాత అమ్మ ఏం చెప్పబోయిందో నాకు ఇక తెలియదు.

తెలుసుకుందామని మరుసటి ఏడాది ఆ ఊరికి వెళ్ళాను. గడి కూలిపోయి, తుమ్మచెట్లు మొలిచి ఉన్నాయి. ఊళ్ళో అందరికంటే పెద్దవాడైన ఒకాయన చాలాసేపు ఆలోచించి, "దొరసాని ఎంబడి వచ్చినామె ఒకామె ఉండెనట" అన్నాడు. పేరు ఆయనకూ తెలియదు. పట్వారిగా మా తాత పహాణీలు రాశాడు. అవి ఎలా రాస్తారో నాకు తెలుసు, నా సర్వీసంతా వాటితోనే గడిచింది. పహాణీలో బావికి లెక్క ఉంటుంది, చింతచెట్టుకు లెక్క ఉంటుంది. ఏ పొలం ఎవరి కబ్జాలో ఉందో ఉంటుంది. మా అమ్మకు తల దువ్విన మనిషి ఏ కాలంలోనూ రాదు. ఆమె గురించి తెలిసిన ఒకే ఒక్క సాక్షి మా ఇంట్లో, నా పక్కన కూర్చుని చెప్పబోతే, నిద్రొస్తోందని నేను టీవీ కట్టేశాను.

'దాసి'కి ఎర్ర సిరాతో తొంభై నాలుగు వేశాను. నా జాబితాలో ఇప్పుడు అది రెండోది. మొదటి స్థానంలో 'మాయాబజార్' ఉంది, దాన్ని కదిపే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. పద్దెనిమిది మార్కులు కూడా పక్కనే అలాగే ఉన్నాయి. అవి ఆ సినిమాకు వచ్చిన మార్కులు కావు, ఆనాటి నాకు వచ్చినవి. అందుకే మనవడు చెరిపేద్దామన్నా ఒప్పుకోలేదు.

మిత్రులారా, మనలో చాలామందికి ఇప్పుడు తీరిక ఉంది. ఒకప్పుడు బాగాలేదని లేచి వచ్చిన సినిమా ఏదైనా ఉంటే, పిల్లల చేత పెట్టించుకొని మళ్ళీ ఒకసారి చూడండి. ఇంట్లో మనకంటే పెద్దవారు ఇంకా ఉన్న అదృష్టవంతులు వారిని పక్కన కూర్చోబెట్టుకోండి. మధ్యలో వారేదైనా చెప్పబోతే సినిమా ఆపండి. సినిమా మళ్ళీ వస్తుంది.

మీ మార్కులు కూడా మన సంఘానికి రాసి పంపితే చదవాలని ఉంది. సెలవు.

— ఒక పెన్షనరు, హన్మకొండ