వెట్టి నుండి షిఫ్టు దాకా: శామీర్‌పేట పరిసరాలలో పనివేళల చరిత్ర

లాల్‌గడి మలక్‌పేట్, తుర్కపల్లి గ్రామాల పరిసరాలను నేడు జీనోమ్ వ్యాలీ అని పిలుస్తున్నారు. 1999 తరువాత ఇక్కడ పరిశోధనశాలలు, వాక్సిన్ కర్మాగారాలు వెలిశాయి. కణాల పెంపకం ఆదివారమని ఆగదు. ఫెర్మెంటర్‌లో మొదలైన బ్యాచ్ పూర్తయ్యేదాకా ఎవరో ఒకరు కాపలా ఉండవలసిందే. ఈ ప్రాంతంలో పనిభారం గురించిన చర్చ సాధారణంగా ఈ దశ నుండే మొదలవుతుంది. పనికి, విశ్రాంతికి మధ్య హద్దును ఎవరు గీస్తారన్న ప్రశ్న మాత్రం ఇక్కడ అంతకంటె పాతది.

నిజాం పాలనలో మేడ్చల్ ప్రాంతం అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఉండేది. ఆ జిల్లా ప్రధానంగా నిజాం సొంత ఎస్టేటు అయిన సర్ఫ్-ఎ-ఖాస్‌కు చెందినది. తెలంగాణ గ్రామాలలోని వెట్టిని పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో వివరంగా నమోదు చేశారు. దళిత కుటుంబాలు ఇంటికొక మనిషిని పటేల్, పట్వారీ, దేశముఖుల చాకిరికి పంపవలసి వచ్చేది. కాగితాలు మోయడం, చావడి కాయడం, అధికారులు వచ్చినపుడు వారి సామాను మోయడం అందులో భాగాలు. చాకలి, మంగలి, కుమ్మరి కులాలకూ ఇదే గతి. వ్యవసాయపు పనికి కోతల తరువాత కొంత తెరిపి ఉండేది. వెట్టికి ఋతువు లేదు. శ్రమ ఎంతసేపన్నది ఒక బాధైతే, పిలుపు ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం మరొకటి. రెండవదానిని చరిత్రకారులు తగినంతగా పట్టించుకోలేదు.

1936లో నిజాం ప్రభుత్వం భాగేలా ఒప్పందాలను నియంత్రిస్తూ శాసనం చేసినా, గ్రామాలలో మార్పు స్వల్పం. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్రమహాసభ, అటుపిమ్మట సాయుధ పోరాటం వెట్టిని ప్రశ్నించాయి. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ దివానీలో విలీనమైంది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు, రోజుకు 9 గంటల పరిమితిని, వారాంతపు సెలవును నిర్దేశించింది. అయితే పర్యవేక్షణ, నిర్వహణ స్థానాలలో ఉన్నవారిని ఆ పరిమితుల నుండి మినహాయించే అధికారాన్ని 64వ సెక్షన్ రాష్ట్రాలకు ఇచ్చింది. విద్యావంతుడైన ఉద్యోగి అలసటకు చట్టంలో చోటు లేకపోవడానికి ఒక మూలం ఇక్కడే ఉంది.

ఆ అలసటను అమెరికా మనస్తత్వవేత్త ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో 'బర్నౌట్'గా వర్ణించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దానిని వృత్తి సంబంధమైన స్థితిగా నిర్వచించిందే గాని, వ్యాధిగా గుర్తించలేదు. జీతం, ఒప్పందం, రాజీనామా హక్కు ఉన్న ఉద్యోగిని వెట్టి మనిషితో సమానం చేయడం కులబలాత్కారాన్ని మరుగుపరచడమే అవుతుంది. పోలిక ఒక్క విషయానికే పరిమితం: తన రోజు ఎప్పుడు ముగుస్తుందో నిర్ణయించే అధికారం ఇద్దరికీ లేదు.

2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థలలో రోజుకు 10 గంటల పనిని అనుమతించింది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ వేతనం ఇవ్వాలి, మూడు నెలలకు 144 గంటలు మించరాదు. ఇంటికి చేరాక మోగే ఫోను ఈ లెక్కలోకి రాదు. పనివేళల తరువాత ఫోనుకు బదులివ్వకుండా ఉండే హక్కును కోరుతూ సుప్రియా సూలే 2018లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు.