నెట్‌కి అటువైపు మనిషి

టెన్నిస్ చూసేవాళ్లు ఇద్దరు కొత్తగా పరిచయమైతే మూడో మాటకల్లా ఒక ప్రశ్న వచ్చేస్తుంది. "నువ్వు ఫెడరరా, నాదలా?" ఈమధ్య అది "సినరా, అల్కరాసా?" అయింది. హైదరాబాద్‌లో మా ఆఫీసు క్యాంటీన్‌లో ఈ మాట విన్నప్పుడల్లా నాకు అది మా ఊరి భాషలోకి మారిపోయి వినిపిస్తుంది. మాది పల్నాడు, మాచర్ల దగ్గర వెల్దుర్తి. అక్కడ కొత్త మనిషి గురించి ఆరా తీసేటప్పుడు అడిగేది ఒకటే: "ఎవరి వర్గం?"

నేను పెరిగేప్పుడు మా వీధిలో టెన్నిస్ బంతి అంటే క్రికెట్ ఆడుకునే బంతి. టెన్నిస్ రాకెట్ చేత్తో పట్టుకుంది ఇంజినీరింగ్ కాలేజీకొచ్చాకే. కానీ ఆట చూడటం మొదలుపెట్టాక, అభిమానుల మధ్య కూర్చోవడం నాకేమీ కొత్తగా అనిపించలేదు. అవతలివాడు మంచి షాట్ కొడితే లైను బయట పడిందనడం, మనవాడు ఓడితే మోకాలి నొప్పి గుర్తుచేయడం, ఇరవై ఏళ్ల కిందటి స్కోర్లు నిన్నటి అప్పుల్లా లెక్కపెట్టడం, ఇదంతా నాకు బాగా తెలిసిన వ్యవహారమే.

అభిమానులుగా మనం పోటీని వర్గంలా చూస్తాం. ఆటగాళ్ల చరిత్ర చూస్తే మాత్రం పోటీ రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒక రకం పోటీలో ప్రత్యర్థి మన ఆటని మారుస్తాడు. రెండో రకంలో మన చుట్టూ ఉన్నవాళ్లని కూడా తనతోపాటు మింగేస్తాడు. ఈ రెండూ ఎక్కడ విడిపోతాయో తెలుసుకోవడానికి నాకు దొరికిన మంచి ఉదాహరణ సానియా మీర్జా కెరీర్. అక్కడికి వెళ్లేముందు ఒకసారి మా పల్నాటి దారిన పోవాలి.

పల్నాటి కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పన్నెండో శతాబ్దం నాటిదని చెబుతారు. గురజాల నలగామరాజు పక్షాన నాగమ్మ, మాచర్ల మలిదేవరాజు పక్షాన బ్రహ్మనాయుడు. శ్రీనాథుడి పేరు మీదున్న ద్విపద కావ్యం ఉంది, 1947లోనూ 1966లోనూ వచ్చిన సినిమాలున్నాయి, కారంపూడిలో ఇప్పటికీ వీరుల ఉత్సవాల్లో ఆ కథ పాడే వీరవిద్యావంతులున్నారు. కథలో మలుపు కోడిపందెం. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి పోవాలన్నది షరతు. మాచర్లవాళ్లు ఓడారు, పోయారు. మోసంతో గెలిచారని వాళ్ల పక్షం కథ. గడువు తీరాక రాజ్యం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజు తిరిగి రాలేదు. చివరికి కారంపూడి యుద్ధభూమి.

చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడు తప్పెవరిదన్నదే నా ప్రశ్న. ఇప్పుడు ఆ పందెం షరతు వింతగా కనిపిస్తుంది. ఒక్కటే ఆట, దాని మీద ఏడేళ్ల బతుకు. మళ్లీ ఆడే వీలు లేదు. ఓడినవాడికి తన కోడి ఎందుకు ఓడిందో ఆలోచించుకునే అవసరమే లేకుండా పోయింది. పగ పెంచుకోవడానికి మాత్రం ఏడేళ్ల తీరిక దొరికింది.

టెన్నిస్‌లో ఆ తీరిక ఉండదు. వచ్చే వారం ఇంకో ఊళ్లో ఇంకో టోర్నీ ఉంటుంది.

ఫెడరర్, నాదల్‌ల సంగతే చూడండి. వాళ్లిద్దరూ 40 సార్లు ఆడారు. 24-16తో నాదల్‌ది పైచేయి. ఫెడరర్ వర్గం వెంటనే రెండో లెక్క తీస్తుంది: మట్టి కోర్టు మీద 14-2, మిగతా కోర్టుల మీద ఫెడరరే 14-10. రెండు లెక్కలూ నిజమే. వాటి వెనకున్న కారణం చాలా సాదా విషయం. నాదల్ ఎడమచేతి వాటం. అతను ఫోర్‌హ్యాండ్‌ని కోర్టుకి అడ్డంగా కొడితే బంతి సరిగ్గా ఫెడరర్ బ్యాక్‌హ్యాండ్ వైపుకే వెళ్తుంది. అది మామూలు బంతి కాదు, విపరీతమైన టాప్‌స్పిన్‌తో మట్టి మీద పడి భుజం ఎత్తుకి లేస్తుంది. ఒంటిచేత్తో బ్యాక్‌హ్యాండ్ ఆడేవాడికి ఆ ఎత్తులో బలం రాదు. నాదల్ మొహమాటం లేకుండా అదే షాట్ ఏళ్ల తరబడి కొట్టాడు. రోలాండ్ గారోస్‌లో 2006, 2007, 2008, 2011 ఫైనళ్లలో ఫెడరర్ అతని చేతిలోనే ఓడిపోయాడు. 2008లో తన సొంత గడ్డ లాంటి వింబుల్డన్ ఫైనల్ కూడా అయిదో సెట్‌లో 9-7తో చేజార్చుకున్నాడు.

ఇంత జరిగాక ఫెడరర్ చేసిందేమిటి? 2014లో ఏళ్లుగా వాడిన 90 చదరపు అంగుళాల రాకెట్ పక్కనపెట్టి 97కి మారాడు. 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ నాటికి అతని వయసు 35. ఆ రోజు బంతి భుజం దాకా లేచేలోపే బేస్‌లైన్ దగ్గరే నిలబడి బ్యాక్‌హ్యాండ్ బలంగా బాదాడు. అయిదో సెట్‌లో 1-3 వెనకబడి కూడా వరసగా అయిదు గేములు తీసుకుని గెలిచాడు. ఆ ఏడాది నాదల్‌తో నాలుగుసార్లు ఆడితే నాలుగూ గెలిచాడు. మనం ఫెడరర్ గొప్పదనంగా చెప్పుకునే ఆ చివరి బ్యాక్‌హ్యాండ్‌లో నాదల్ వాటా ఉంది. అన్నేళ్లు ఒకేచోట దెబ్బ కొట్టి, దాన్ని బాగుచేసుకోక తప్పని పరిస్థితి తెచ్చింది అతనే.

ఇప్పుడు హైదరాబాద్‌కి వద్దాం.

2005 ఫిబ్రవరి. హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో సానియా మీర్జా ఉక్రెయిన్‌కి చెందిన అలోనా బొండరెంకోని మూడు సెట్లలో ఓడించింది. ఒక భారతీయ మహిళ డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలవడం అదే మొదటిసారి. అప్పటికి ఆమెకి 18 ఏళ్లు. మరుసటి నెల దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్ కుజ్నెత్సోవాని ఓడించింది. అదే ఏడు యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్ దాకా వెళ్లి షరపోవా చేతిలో 6-2, 6-1తో ఓడింది. ఈ మ్యాచ్‌లన్నిటిలో ఆమె ఆట రూపురేఖలు బయటపడ్డాయి. మణికట్టు విసురుతో వచ్చే ఫోర్‌హ్యాండ్ ప్రపంచంలో ఎవరినైనా కంగారుపెట్టగలదు. రెండో సర్వ్ మాత్రం పెద్ద ఆటగత్తెలకి పిలిచి ఇచ్చిన అవకాశం.

2006 సెప్టెంబరులో ఆమెకి మార్టినా హింగిస్ ఎదురైంది. హింగిస్ అయిదు సింగిల్స్ గ్రాండ్‌స్లామ్‌ల విజేత, చిన్నవయసులోనే ఆట వదిలేసి అప్పుడే తిరిగొచ్చింది. బలం కన్నా బంతి ఎక్కడ వేయాలన్న లెక్క ఆమె ఆస్తి. కోల్‌కతా సెమీఫైనల్లో, సొంత దేశపు జనం చూస్తుండగా, సానియా 6-1, 6-0తో ఓడిపోయింది. తలెత్తుకోలేని స్కోరు. కానీ మరుసటి వారమే సియోల్‌లో మళ్లీ హింగిసే తగిలింది. మొదటి సెట్ 4-6తో పోయింది. రెండోది 6-0, మూడోది 6-4, రెండూ సానియావే.

ఒక్క వారం! పల్నాటి పందెంలో ఏడేళ్లు పట్టిన వ్యవధి ఇక్కడ ఏడు రోజులు. ఆ ఏడు రోజుల్లో సానియా కొత్త మనిషేమీ అయిపోలేదు. రెండో ఆట ఉంది కాబట్టి మొదటి ఆట పగగా మారలేదు, అంతే.

రెండో రకం పోటీ కూడా సానియా కెరీర్‌లోనే ఉంది. దాంట్లో ఆమెది ప్రధాన పాత్ర కూడా కాదు. లియాండర్ పేస్, మహేశ్ భూపతి 1999లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌ల డబుల్స్ ఫైనళ్లకీ చేరి, రెండు గెలిచారు. ఆ తర్వాత విడిపోయారు, కలిశారు, మళ్లీ విడిపోయారు. వాళ్ల మధ్య గొడవకి స్కోరుబోర్డు లేదు. ఇద్దరూ నెట్‌కి ఒకేవైపు ఉన్నవాళ్లు. ఎవరి వల్ల గెలిచాం, ఎవరు ముందు వెళ్లిపోయారు అన్న లెక్క తేల్చడానికి అంపైర్ ఉండడు. అలాంటి లెక్కలు తేలవు కాబట్టే పెరుగుతాయి. పల్నాడులో పెరిగినవాడిగా ఈ ముక్క నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

2012 లండన్ ఒలింపిక్స్‌కి జట్టు ఎంపిక చేసేప్పుడు ఇది బద్దలైంది. టెన్నిస్ సంఘం ముందు పేస్, భూపతిలని కలిపి ప్రకటించింది. భూపతి తాను రోహన్ బోపన్నతోనే ఆడతానన్నాడు. బోపన్న కూడా పేస్‌తో ఆడనన్నాడు. చివరికి రెండు జట్లు చేశారు: భూపతి, బోపన్న ఒకటి, పేస్‌తో హైదరాబాద్ కుర్రాడు విష్ణువర్ధన్ రెండోది. మిక్స్‌డ్‌లో పేస్‌కి సానియాని జోడీ చేశారు. అదే జూన్‌లో సానియా భూపతితో కలిసి ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ టైటిల్ గెలిచి వచ్చింది. ఎవరితో ఆడతావని ఆమెని అడిగిన నాథుడు లేడు. ఆమె ఊరుకోలేదు. అలిగిన ఒక సీనియర్ని బుజ్జగించడానికి తనని ఎరగా వాడారని బహిరంగంగా ప్రకటన ఇచ్చింది.

విష్ణువర్ధన్ సంగతి నాకు ఇంకా ఎక్కువ గుర్తుండిపోయింది. 2010 గువాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ రజతం తెచ్చినవాడు. ఒలింపిక్స్ ఆడటం ఏ ఆటగాడికైనా జీవితకాలపు కల. ఆ కల అతనికి ఇద్దరు పెద్దవాళ్ల పట్టుదల మధ్య మిగిలిపోయిన కుర్చీ రూపంలో వచ్చింది. లండన్‌లో రెండు పురుషుల జట్లూ రెండో రౌండ్‌లోనే ఓడాయి. పేస్, సానియా క్వార్టర్స్‌లో ఆగిపోయారు. పతకం రాలేదు. ఒలింపిక్స్ నాలుగేళ్లకొకసారి వస్తుంది. వచ్చే వారం ఇంకో ఒలింపిక్స్ లేదు. కోడిపందెం షరతు లాంటిదే.

దీని పక్కనే మూడేళ్ల తర్వాతి సంగతి పెట్టి చూడాలి. 2015 మార్చిలో సానియా, హింగిస్ జోడీ కట్టారు. మోకాళ్లు, మణికట్టు సహకరించక సానియా అప్పటికే సింగిల్స్ వదిలేసింది. ఇండియన్ వెల్స్, మయామీ, చార్ల్‌స్టన్, ఆడిన మొదటి మూడు టోర్నీలూ గెలిచారు. ఆ ఏప్రిల్‌లోనే సానియా డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయింది.

ఎందుకంత బాగా కుదిరిందో కాస్త కోర్టు గీసుకుని చూస్తే తెలుస్తుంది. సానియా కుడివైపు, అంటే డ్యూస్ కోర్టులో నిలబడేది. ఆమె ఫోర్‌హ్యాండ్ బయటి గీత వైపు ఉంటుంది. హింగిస్ ఎడమవైపు. ఆమె రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ అటు గీత వైపు. అంటే కోర్టు రెండు అంచుల్లోనూ ఇద్దరి అత్యుత్తమ షాట్లూ కాపలా కాస్తాయి. బలహీనత మిగిలేది మధ్యలో. మధ్యలోకి వచ్చే బంతిని హింగిస్ నెట్ దగ్గర వాలీతో అడ్డుకునేది. వెనక నుంచి సానియా గట్టిగా కొడితే అవతలి జట్టు తడబడి బంతిని పైకి లేపుతుంది, ముందు హింగిస్ దాన్ని ముగించేస్తుంది. సానియా రెండో సర్వ్ మీద ఒకప్పుడు దాడి చేసిన మనిషే ఇప్పుడు ఆ సర్వ్‌కి కాపలా. 2006లో నెట్‌కి అటువైపు నుంచి హింగిస్ చూసిన బలమూ బలహీనతా ఈ జోడీకి పెట్టుబడి అయ్యాయని నా నమ్మకం.

2015 వింబుల్డన్ ఫైనల్లో మకరోవా, వెస్నినా మీద మూడో సెట్‌లో 2-5తో వెనకబడి కూడా 7-5తో గెలిచారు. తర్వాత యూఎస్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్. వరసగా 41 మ్యాచ్‌లు గెలిచాక దోహాలో ఓడారు. ఫలితాలు తగ్గాయి, 2016 ఆగస్టులో విడిపోయారు.

కథ ఇక్కడ మళ్లీ పల్నాటి దారి పట్టవచ్చు. పట్టలేదు. విడిపోయిన వెంటనే సిన్సినాటి ఫైనల్లో ఇద్దరూ ఎదురెదురు పడ్డారు. సానియా పక్కన స్ట్రికోవా, హింగిస్ పక్కన వాండెవే. సానియా జట్టు 7-5, 6-4తో గెలిచింది. రెండు నెలల తర్వాత సింగపూర్‌లో సీజన్ ముగింపు టోర్నీకి సానియా, హింగిస్ మళ్లీ జోడీగా దిగారు. శత్రువు, జోడీ, శత్రువు, మళ్లీ జోడీ. వర్గాల లెక్కలో ఇలాంటి మనిషిని ద్రోహి అంటారు. టెన్నిస్‌లో మాత్రం ఇది ఒక సీజన్ షెడ్యూలు.

ఇప్పటి పోటీ కూడా ఇలాగే సాగుతోంది. 2025 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో సినర్ మూడు చాంపియన్‌షిప్ పాయింట్లు చేజార్చుకుని 5 గంటల 29 నిమిషాల తర్వాత అల్కరాస్ చేతిలో ఓడాడు. అయిదు వారాల్లో వింబుల్డన్ ఫైనల్లో అదే అల్కరాస్‌ని ఓడించాడు. సెప్టెంబరులో యూఎస్ ఓపెన్ ఫైనల్ ఓడాక, తన ఆట ముందే ఊహించగలిగేలా ఉందని, మార్చుకోవాలని తనే చెప్పాడు. అల్కరాస్ గురించి ఫిర్యాదు ఒక్కటీ లేదు.

అందుకే ఈమధ్య "ఎవరి వైపు?" అని అడిగినవాళ్లకి నేను జవాబు చెప్పి ఊరుకోవడం లేదు. మీవాణ్ని అవతలివాడు ఏ షాట్‌తో ఓడించాడో చెప్పండి అంటున్నాను. కొంతమంది చిరాకు పడతారు. కొంతమంది మాత్రం కాసేపు ఆలోచించి, టేబుల్ మీద వేలితో కోర్టు గీయడం మొదలుపెడతారు. అప్పుడు లంచ్ టైం సరిపోదు.