టీవీ చూసి పిల్లలు లెక్కలు నేర్చుకుంటారా? సెసమీ స్ట్రీట్ నుంచి సిసిమ్‌పూర్ దాకా అనుభవం ఏం చెబుతోంది?

మూడేళ్ల పాప ఒకటి నుంచి ఇరవై దాకా గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతుంటే ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. అదే పాప ముందు గుప్పెడు వేరుశనగ గింజలు పోసి 'నాలుగు ఇవ్వమ్మా' అని చెయ్యి చాపితే, పిడికిట్లోకి వచ్చినన్ని తీసి పెడుతుంది. నాలుగు ఉండొచ్చు, ఏడు ఉండొచ్చు. ఆ వయసులో చాలామంది పిల్లలు ఇంతే. అంకెల పేర్లు వరసగా చెప్పడం వేరు, ఆ పేరు ఒక పరిమాణాన్ని చెబుతోందని తెలియడం వేరు.

పిల్లల మనస్తత్వ పరిశోధనలో ఈ 'ఇన్ని ఇవ్వు' అనేది పేరున్న పరీక్షే. 1990ల తొలినాళ్లలో కారెన్ విన్ చేసిన అధ్యయనాలతో బాగా వ్యాప్తిలోకి వచ్చింది. అంతకుముందే, 1978లో, రోషెల్ గెల్మన్, సి.ఆర్. గాలిస్టెల్ లెక్కపెట్టడం వెనుక ఉండే సూత్రాలను వివరించారు. ఒక్కో వస్తువుకు ఒక్కో పేరే చెప్పాలి, పేర్ల వరస మారకూడదు, చివర చెప్పిన పేరే మొత్తం ఎన్నో చెబుతుంది. పిల్లలకు చాలా ఆలస్యంగా అందేది ఈ మూడోదే. లెక్కలు నేర్పుతామని చెప్పుకునే టీవీ కార్యక్రమాలను కూడా ఈ గీటురాయి మీదే చూడాలి.

ఇంత చిన్న వయసు లెక్కల గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, దానికి కారణం ఉంది. గ్రెగ్ డంకన్ బృందం ఆరు దీర్ఘకాలిక అధ్యయనాల సమాచారాన్ని కలిపి 2007లో ఒక విశ్లేషణ ప్రచురించింది. బడిలో చేరేనాటికి లెక్కల్లో ఉన్న పట్టు, ఆ తర్వాతి చదువు ఎలా ఉంటుందన్నది అన్నిటికంటే బలంగా సూచిస్తోందని అందులో తేలింది. చదివే నైపుణ్యం, ఏకాగ్రత దాని తర్వాతే.

ప్రకటనల నుంచి నేర్చిన ఎత్తుగడ

1969 నవంబర్ 10న అమెరికాలో 'సెసమీ స్ట్రీట్' మొదలైంది. దీని వెనుక ఉన్న జోన్ గాంజ్ కూనీ, లాయిడ్ మోరిసెట్‌ల ఆలోచన సూటిగా ఉండేది. వాణిజ్య ప్రకటనల పాటలు పిల్లల నోట్లో అంత తేలిగ్గా నానుతున్నప్పుడు, అదే పద్ధతిలో అంకెలు, అక్షరాలు ఎందుకు నేర్పకూడదు? చిన్న చిన్న ముక్కలు, పాట, హాస్యం, అదే విషయం మళ్లీ మళ్లీ. ఈ దినం ఈ కార్యక్రమం ఫలానా అంకె సౌజన్యంతో అంటూ ప్రకటనల భాషనే సరదాకు వాడుకున్నారు.

పరిశోధకుడు ఎడ్వర్డ్ పామర్ ప్రతి ముక్కనూ ముందే పిల్లల మీద పరీక్షించేవారు. టీవీ పక్కన ఒక స్లైడ్ ప్రొజెక్టర్ పెట్టి, కొన్ని సెకన్లకోసారి బొమ్మ మార్చేవారు. పిల్లవాడి చూపు టీవీ మీది నుంచి ఎప్పుడు పక్కకు జారిందో రాసుకునేవారు. చూపు జారిన చోట ఆ ముక్కను మార్చాలి. పిల్లల కోసం మనం తీసే కార్యక్రమాల్లో ఈ ఒక్క పని చేసినా ఎంత తేడా వచ్చేదో.

తొలి సీజన్లను ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ మదింపు చేసింది. ఎక్కువ చూసిన పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారని చెప్పింది. అయితే 1975లో థామస్ కుక్, ఆయన సహచరులు ఆ సమాచారాన్నే తిరగదోడి ఒక చిక్కు ప్రశ్న వేశారు. ఇంటికి వెళ్లి చూడమని ప్రోత్సహించిన పిల్లల్లో కనిపించినంత ఫలితం మిగతావాళ్లలో లేదు కదా, పైగా కలిగినవాళ్ల పిల్లలే ఎక్కువగా చూస్తే పేద పిల్లలతో అంతరం పెరగదా అని. ఆ ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు. దానికి కొంత జవాబు చాలా ఏళ్లకు ఆర్థికవేత్తలు మెలిసా కెర్నీ, ఫిలిప్ లెవిన్ నుంచి వచ్చింది. అప్పట్లో కొన్ని ప్రాంతాల్లో సిగ్నల్ బాగా అందేది, కొన్నిచోట్ల అందేది కాదు. ఆ తేడాను ఆధారం చేసుకుని చూస్తే, సిగ్నల్ అందిన చోట్ల పిల్లలు వయసుకు తగ్గ తరగతిలో ఉండే అవకాశం పెరిగింది. వెనుకబడిన ప్రాంతాల పిల్లలకు మేలు ఎక్కువగా కనిపించింది.

వల్లె వేయించడం కాదు, చూపించడం

బ్రిటన్‌లో 2017 జనవరిలో సీబీబీస్ చానల్లో మొదలైన 'నంబర్‌బ్లాక్స్' మరో అడుగు ముందుకేసింది. ఇందులో నాలుగు అనే పాత్ర ఒంట్లో సరిగ్గా నాలుగు దిమ్మలుంటాయి. దాని మీద ఒకటి ఎక్కితే అక్కడికక్కడే ఐదు అవుతుంది. నాలుగు, తొమ్మిది చతురస్రాలుగా సర్దుకోగలవు, ఐదు సర్దుకోలేదు. చివర చెప్పిన పేరే మొత్తమన్న సూత్రం ఇక్కడ మాటల్లో వినిపించదు, కంటికి కనిపిస్తుంది. పాటలో అంకెలు గబగబా దొర్లించేసే వీడియోలకూ దీనికీ తేడా ఇదే.

పరిశోధనల్లో తేలిన మరో రెండు సంగతులు తల్లిదండ్రులకు పనికొస్తాయి. 'బ్లూస్ క్లూస్' అనే కార్యక్రమంలో ఒకే భాగాన్ని ఐదు రోజులు వరసగా చూసిన పిల్లలు, ఒక్కసారే చూసినవాళ్ల కంటే విషయాన్ని బాగా పట్టుకున్నారని 1999 నాటి అధ్యయనం చెప్పింది. చూసిందే చూస్తున్నారని విసుక్కోనక్కర్లేదన్నమాట. రెండోది ఇంకా చిన్న పిల్లల గురించి. రెండు, రెండున్నరేళ్ల లోపు పిల్లలు తెర మీది నుంచి నేర్చుకునేది ఎదురుగా మనిషి చూపించిన దానికంటే తక్కువ. కానీ తెర మీద ఉన్నది పరిచయమున్న పాత్రయితే పరిస్థితి కొంత మారుతుంది. 2011లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, గిన్నెలను చిన్నా పెద్దా వరసలో ఒకదానిలో ఒకటి పేర్చడాన్ని 21 నెలల అమెరికా పిల్లలకు వీడియోలో చూపించారు. తమకు తెలిసిన ఎల్మో చేసి చూపితే నేర్చుకున్నారు. వాళ్లెప్పుడూ చూడని తైవాన్ బొమ్మ చేసి చూపితే పెద్దగా అందుకోలేదు.

దక్షిణాసియాలో ఏం జరిగింది?

భారత్‌లో ఈ తరహా ప్రయత్నం కొత్తదేమీ కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు సాగిన 'సైట్' ప్రయోగంలో, నాసా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ అందింది. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం పూట బడిపిల్లలకు తెలుగులో కార్యక్రమాలు వచ్చేవి. ఏడాది గడువు ముగిసింది, ఉపగ్రహం వెళ్లిపోయింది.

2005లో బంగ్లాదేశ్ ప్రభుత్వ టీవీలో 'సిసిమ్‌పూర్' మొదలైంది. హాలుమ్ అనే పులి, తుక్‌తుకి, ఇక్రి, శికు అనే నక్క అక్కడి పాత్రలు. టీవీ లేని పల్లెలకు రిక్షా బండ్ల మీద తెరను తీసుకెళ్లి చూపించారు. 2006లో మన దేశంలో 'గలీ గలీ సిమ్ సిమ్' వచ్చింది. స్కూల్ యూనిఫాంలో ఉండే చమ్కీ, బూంబా అనే సింహం హిందీలో మాట్లాడేవి. పాకిస్తాన్‌లో 'సిమ్ సిమ్ హమారా'కు 2012లో అమెరికా ప్రభుత్వ సాయం ఆగిపోయింది.

మరీ-లూయిస్ మేర్స్, జోంగ్‌డాంగ్ పాన్ 2013లో 15 దేశాల్లోని ఇలాంటి కార్యక్రమాలపై జరిగిన 24 అధ్యయనాలను కలిపి చూశారు. పదివేలకు పైగా పిల్లల సమాచారమది. అక్షరాలు, అంకెల్లో మెరుగుదల నిజమేనని, అది పేద దేశాల్లోనూ కనిపించిందని తేల్చారు. అద్భుతం కాదు, అలాగని కొట్టిపారేసేదీ కాదు.

తెలుగు అంకెల సౌలభ్యం

ఇక్కడ భాష సంగతి ఒకటుంది. హిందీలో 29ని 'ఉన్‌తీస్' అంటారు, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. 59 'ఉన్‌సఠ్'. బెంగాలీలోనూ ఇలాంటి పేర్లే. వంద దాకా దాదాపు ప్రతి పేరునూ విడిగా గుర్తుపెట్టుకోవాలి. తెలుగులో 29 అంటే ఇరవై, తొమ్మిది. అంతే. పదకొండు, పదమూడులో పది దాగుంది, పందొమ్మిదిలో కూడా చెవి పెట్టి వింటే దొరుకుతుంది. ఇంగ్లిష్ 'ఇలెవెన్', 'ట్వెల్వ్'లలో పిల్లలకు వినిపించే పది లేదు. చైనా, అమెరికా పిల్లలను పోల్చిన కెవిన్ మిల్లర్ బృందం 1995లో గమనించింది కూడా ఇదే. పది వరకు ఇద్దరికీ పెద్ద తేడా లేదు. పది దాటాక, పేర్లు క్రమంగా ఉన్న చైనా పిల్లలు ముందుకెళ్లారు.

ఈ సౌలభ్యాన్ని మనమే వదులుకుంటున్నాం. ఫోన్ నంబరు తెలుగులో చెప్పేవాళ్లు ఇప్పుడెంతమంది? తెలుగు పిల్లల పాటల పేరుతో యూట్యూబ్‌లో కనిపించే వీడియోల్లోనూ అంకెల దగ్గరకొచ్చేసరికి చాలాచోట్ల వన్, టూ, త్రీలే. హిందీ కార్యక్రమాన్ని తెలుగులోకి డబ్ చేసినా సరిపోదు. అక్కడ పిల్లలు తడబడే చోటు వేరు, ఇక్కడ వేరు. పది దిమ్మల కడ్డీలు రెండు, పక్కన తొమ్మిది దిమ్మలు పెట్టి 'ఇరవై తొమ్మిది' అంటే తెలుగులో బొమ్మ, మాట ఒకటే చెబుతాయి. అలా రాసిన స్క్రిప్టు తెలుగులోనే పుట్టాలి.

మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు చదువు, లెక్కల పునాది కోసమంటూ కేంద్రం 2021 జులైలో 'నిపుణ్ భారత్' మొదలుపెట్టింది. పీఎం ఈ-విద్య కింద 'ఒక తరగతి, ఒక చానల్' పథకం మాత్రం ఒకటో తరగతితో మొదలవుతుంది. కోవిడ్ కాలంలో బడులు మూతపడినప్పుడు తెలంగాణ 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు ప్రసారం చేసింది. అవి మూడో తరగతి నుంచి మొదలయ్యాయి.