పన్నెండు మంది పడవ

నాంపల్లి స్టేషను నుండి ఆబిడ్సుకు పోయే దారిలో చిరాగలీ లేన్ అనే వీధి ఉన్నది. హైదరాబాదులో రేడియో ప్రసారం 1930వ దశకం ఆరంభంలో ఆ వీధిలోనే ఒక ప్రైవేటు వ్యక్తి పూనికతో మొదలయింది. 1935లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించింది. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. ఆ దారిన నడిచినప్పుడల్లా నాకు గుర్తుకు వచ్చేది పాటా కాదు, నాటకమూ కాదు. నడిసముద్రం మీద వెలువడిన ఒక ఆర్తనాదం గుర్తుకు వస్తుంది. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడ నుండి వైర్‌లెస్ ద్వారా వచ్చిన పిలుపు అది. కార్పేథియా అనే ఓడ ఆ పిలుపు విని పరుగెత్తుకు రాబట్టి సుమారు ఏడు వందల మంది బ్రతికారు. సుమారు పదిహేను వందల మంది మరణించారు.

బ్రతికిన వారిలో ఒకరి జీవితాన్ని గురించి ఈ పూట ముచ్చటిస్తాను. ఆయన పేరు సర్ కాస్మో డఫ్ గార్డన్.

ప్రభువంశీకులు ఆటలలో ఆరితేరడం మన నగరానికి కొత్త సంగతి కాదు. నవాబ్ మొయినుద్దౌలా పేరిట వెలసిన బంగారు కప్పు క్రికెట్ పోటీలు 1930వ దశకం నుండి ఇక్కడ ప్రసిద్ధములు. ఆయన ప్రాపున పెరిగిన సయ్యద్ మహమ్మద్ హాదీ 1924లో పారిస్ ఒలింపిక్ పోటీలలో టెన్నిస్ ఆడాడు. రంజీ ట్రోఫీ చరిత్రలో మొట్టమొదటి శతకం కూడా ఆయనదే. ఆటకు రెండు ఫలితాలున్నాయని పెద్దలంటారు. ఒకటి దేహబలం, రెండవది నడవడి. ఓడినప్పుడు ఓటమిని ఒప్పుకోవడం, ఎదుటివాడు పడిపోయినప్పుడు ఆగడం ఆటవల్ల అలవడాలని వారి ఉద్దేశం. కాస్మో కథ ఈ నమ్మకానికే పరీక్ష.

ఆయన 1862 జులై 22న జన్మించాడు. స్కాట్లండులో భూవసతి గల కుటుంబం వారిది. 1896లో వంశపారంపర్యమైన బారొనెట్ బిరుదు ఆయనకు సంక్రమించింది. ఆయనకు మిక్కిలి ప్రీతికరమైన విద్య కత్తిసాము. అందులోనూ ఎపే అనే పద్ధతిలో ఆయన నేర్పరి. ఈ పద్ధతిలో ప్రత్యర్థి దేహంలో ఎక్కడ మొన తాకినా దెబ్బ క్రిందనే లెక్క. విద్యుత్తు దీపం వెలిగి దెబ్బను చూపే యంత్రాలు అప్పటికి లేవు. కనుక దెబ్బ తగిలినవాడు తానే ఆ సంగతి ఒప్పుకోవడం పెద్దమనిషి లక్షణంగా భావించేవారు. 1906లో ఏథెన్సు నగరంలో జరిగిన క్రీడోత్సవంలో బ్రిటిష్ జట్టు ఈ పోటీలో ఫ్రాన్సు తరువాత రెండవ స్థానం పొంది రజత పతకం గెలుచుకున్నది. జట్టులోని నలుగురిలో కాస్మో ఒకడు. ఆయన భార్య లూసీ ‘లూసీల్’ అనే పేరుతో లండనులోనూ, విదేశాలలోనూ పేరుమోసిన దుస్తుల రూపశిల్పి.

1912 ఏప్రిల్ 10న ఈ దంపతులు షెర్‌బూర్ రేవులో టైటానిక్ ఎక్కారు. ప్రయాణికుల పట్టీలో వారు మోర్గన్ అనే మారుపేరు వ్రాయించుకున్నారు. లూసీ కార్యదర్శిని కూడా వారి వెంట ఉన్నది. అయిదవ రాత్రి 11 గంటల 40 నిమిషాలకు ఓడ మంచుకొండను తాకింది. ఓడలో సుమారు 2,200 మంది ఉన్నారు. ఇరవై పడవలలోనూ కలిపి 1,178 మందికి మాత్రమే చోటు ఉన్నది. స్త్రీలను, పిల్లలను ముందు ఎక్కించవలెనన్నది ఆజ్ఞ. ఎడమ ప్రక్కనున్న అధికారి పురుషులను దాదాపుగా ఎక్కనివ్వలేదు. కుడి ప్రక్కనున్న అధికారి మర్డాక్, దగ్గరలో స్త్రీలు లేనప్పుడు పురుషులను కూడా ఎక్కనిచ్చాడు. కాస్మో నిలిచినది కుడి ప్రక్కన. తాము ఎక్కవచ్చునా అని ఆయన అడిగాడు, అధికారి సమ్మతించాడు. పడవలోనికి దిగడంలో ఆయన ఎవరి చోటునూ లాగుకోలేదు. ఇది న్యాయంగా చెప్పవలసిన మాట.

ఆ ఒకటవ నంబరు పడవలో నలభై మంది పడతారు. అది నీటిలోనికి దిగినప్పుడు అందులో ఉన్నది పన్నెండు మంది. వారిలో అయిదుగురు ప్రయాణికులు, ఏడుగురు ఓడ సిబ్బంది. రాత్రి 2 గంటల 20 నిమిషాలకు ఓడ మునిగింది. గడ్డకట్టే చల్లని నీటిలో వందలాది మనుషుల కేకలు చీకటిలో వినవచ్చాయి. ఇరవై ఎనిమిది మందికి చోటున్న ఆ పడవ వెనుకకు మరలలేదు.

ఆ తరువాత జరిగిన సంభాషణే కాస్మోను జీవితాంతం వెంటాడింది. తమ సామానంతా పోయిందనీ, ఓడ మునిగిన క్షణం నుండే తమ జీతం ఆగిపోతుందనీ ఒక నావికుడు వాపోయాడు. ఆ రోజుల నియమం నిజంగా అట్లాగే ఉండేది. కాస్మో జాలిపడి ఒక్కొక్కరికి అయిదు పౌనులు ఇస్తానన్నాడు. కార్పేథియా మీద చేరగానే ఏడుగురికీ బ్యాంకు హుండీలు వ్రాసి ఇచ్చాడు. ఈ వార్త పొక్కగానే పత్రికలు వేరే అర్థం తీశాయి. వెనుకకు పోకుండా ఉండేందుకు ఆయన నావికులకు లంచమిచ్చాడని వ్రాశాయి. ఆ పడవకు ‘ధనపు పడవ’ అని పేరు పెట్టాయి.

లండనులో లార్డ్ మెర్సీ అధ్యక్షతన విచారణ జరిగింది. అందులో సాక్ష్యమిచ్చిన ప్రయాణికులు ఈ దంపతులిద్దరే. తాను వెనుకకు పోదామన్నాననీ, ప్రయాణికులు ఒప్పుకోలేదనీ హెండ్రిక్సన్ అనే కొలిమి పనివాడు చెప్పాడు. పడవకు పెద్దగా ఉన్న సైమన్సు, అటువంటి మాటే పుట్టలేదన్నాడు. వెనుకకు పోవాలనే ఆలోచన తనకు తోచనే లేదన్నది కాస్మో వాంగ్మూలం. 1912 జులై 30న నివేదిక వెలువడింది. లంచమన్న ఆరోపణ నిరాధారమని మెర్సీ తేల్చాడు. అయితే కాస్మో ప్రోత్సహించి ఉంటే నావికులు బహుశా వెనుకకు పోయి ఉండేవారనీ, కొందరిని రక్షించగలిగి ఉండేవారనీ కూడా చేర్చాడు.

ఆ రాత్రి అసలు ఎవరూ వెనుకకు పోలేదా? పోయారు. హెరాల్డ్ లో అనే అయిదవ అధికారి తన పడవలోని వారిని ఇతర పడవలలోనికి మార్చి, ఖాళీ పడవతో తిరిగి వెళ్ళాడు. కేకలు సద్దుమణిగేదాకా ఆగి వెళ్ళినందువల్ల నలుగురు మాత్రమే దొరికారు. వారిలో ఒకడు తరువాత మరణించాడు. ఆ ఆలస్యాన్ని కూడా చరిత్ర గుర్తుంచుకున్నది. అయినా ఆయన వెళ్ళాడు.

మన నగరం ఇటువంటి రాత్రిని అంతకు నాలుగేళ్ళ ముందే చూసింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు, నేడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టును పట్టుకొని నూటయాభై మంది దాకా బ్రతికారని చెప్పుకుంటారు. ఒక్కొక్క కొమ్మ మీద ఎందరో ఒదిగి కూర్చున్నారు. ముందు ఎక్కినవారు తరువాత వచ్చిన వారికి చోటిచ్చి ఉండాలి. లేకపోతే అంతమంది ఆ చెట్టు మీద పట్టరు. వారిలో ఎవరికీ బిరుదులు లేవు, పతకాలు లేవు. వారి పేర్లు కూడా మనకు మిగలలేదు.

నేను కాస్మోను దూషించడానికి ఈ కథ చెప్పలేదు. ఆ చీకటిలో, ఆ చలిలో, మునిగేవారు మీదపడి పడవ తలక్రిందులవుతుందన్న భయంతో మనమైతే ఏమి చేసేవారమో చెప్పడం సులభం కాదు. ఆయన నియమం ఏదీ తప్పలేదు. కత్తిసాములో దెబ్బను ఒప్పుకోవడానికి ఒక ఆచారం ఉన్నది. ఆ పడవలో మాత్రం ఏమి చేయవలెనో చెప్పే ఆచారం లేదు, తీర్పరి లేడు. నియమం ముగిసిన చోట మనిషి తన బుద్ధితోనే నడవాలి. ఆ క్షణంలో ఆయనకు ఏమీ తోచలేదు. తరువాత పంతొమ్మిదేళ్ళు ఆ నిందను మోసి 1931 ఏప్రిల్ 20న ఆయన కన్నుమూశాడు.

ఆ ప్రమాదం తరువాత ఓడలలో మనిషి ఒక్కంటికి పడవలో చోటు ఉండవలెననీ, వైర్‌లెస్ వద్ద రేయింబవళ్ళు ఒకరు మేలుకొని ఉండవలెననీ 1914 నాటి అంతర్జాతీయ ఒప్పందం నిర్దేశించింది. టైటానిక్‌కు చేరువలో ఆగి ఉన్న కాలిఫోర్నియన్ ఓడలో వైర్‌లెస్ ఉద్యోగి ఆ రాత్రి యంత్రం ఆపి నిద్రపోయాడు. రేడియోలో పనిచేసే మావంటి వారికి అది మరపురాని పాఠం. పిలుపు వెలువడినంత మాత్రాన చాలదు, వినేవాడు మేలుకొని ఉండాలి. విన్న తరువాత పడవ మరలించాలి.